పిలారమ్మ చూసిన దొరలు

మా కోడలు ఇవాళ పొద్దున ఇప్పనూనెలో వెల్లుల్లి వేయించింది. ఎవరో చుట్టాలు కోంటా నుంచి వస్తూ ఒక సీసాడు నూనె తెచ్చారట, వృథాగా పోతుందని పొయ్యి మీద పెట్టిందట. ఇప్పనూనెది మొండి వాసన. అలవాటు లేనివాళ్ళు ముక్కు మూసుకుంటారు. అందులో వెల్లుల్లి ఎర్రబడేసరికి మాత్రం ఆ మొండితనం పోయి, ఆకలి పుట్టించే ఘాటేదో బయలుదేరుతుంది. అరుగు మీద పేపరు చదువుకుంటున్న నేను తల ఎత్తాను. వంటింట్లో ఉన్నది కోడలేనని తెలుసు. అయినా కాసేపటిదాకా అక్కడ పొడుగాటి నల్ల గౌను వేసుకుని, నోట్లో చుట్ట పెట్టుకుని, పొయ్యిని తిట్టుకుంటూ ఒక స్పెయిన్ దేశపు ఆడమనిషి నిలబడి ఉన్నట్టే అనిపించింది. నేను తప్ప ఆమెను చూసినవాళ్ళెవరూ మా ఇంట్లో ఇప్పుడు లేరు. నా భార్య సీత కూడా పోయింది. ఆ స్పెయిన్ మనిషి గురించి రాయవలసింది ఇక నేనే.

అప్పటికి బస్తర్ ఇంకా సంస్థానమే. రాజుగారి తరఫున కోంటాలో నడిచే దవాఖానాలో నేను కాంపౌండరును. డాక్టరు జగదల్పూరు నుంచి ఎప్పుడో ఒకసారి వచ్చి, సంతకాలు చేసి వెళ్ళేవాడు. మిగతా రోజుల్లో జ్వరాలకూ పుండ్లకూ తేలుకాట్లకూ నేనే దిక్కు. ఊరికి దిగువన శబరి నది. ఒడ్డున కలప కంపెనీ వాళ్ళ బంగళా. అడవిలో కొట్టిన టేకు దుంగలను వెదురుతో కలిపి తెప్పలుగా కట్టి, వానాకాలం నది నిండినప్పుడు గోదావరిలోకి, అక్కడి నుంచి రాజమండ్రికి వదిలేవారు. ఆ వ్యవహారమంతా చూసుకునే మేనేజరు పార్కిన్ దొర. ఆయన ఇంటిని నడిపే మనిషి పిలార్. మా ఊరి నోళ్ళలో పడి ఆమె పిలారమ్మ అయింది.

ఆమె మొదటిసారి దవాఖానాకు వచ్చింది చెయ్యి కాలి. వసారాలో కూర్చున్న రోగులందరూ, ఇంగ్లీషు దొరసాని వచ్చిందని గబగబా లేచి నిలబడ్డారు. ఆమె కాలిన చేతిని గాలిలో ఊపుతూ, "కూసోండి, కూసోండి. నేను ఇంగ్లీషు కాదు," అంది. సంతలో దోర్ల తెగ ఆడవాళ్ళ దగ్గర నేర్చిన తెలుగు ఆమెది. అందులో మర్యాద మాటలు లేవు. దొరనైనా, తహసీల్దారునైనా, నన్నైనా "నువ్వు" అనే అనేది.

కాలికి గొడ్డలి దెబ్బ తగిలి కట్టు కోసం వచ్చిన దోర్ల మనిషి సోడి ముత్తయ్య, "మరేంది? తెల్లగనే ఉన్నవు గద," అన్నాడు.

"తెల్లగా ఉంటే ఇంగ్లీషా? కొంగ కూడా ఇంగ్లీషేనా?"

వసారా అంతా నవ్వింది. నేను కట్టు కడుతున్నంతసేపూ ఆమె గొంతెత్తి అరిచింది. ఏ మాత్రం సిగ్గుపడలేదు. కట్టు పూర్తికాగానే అరుపు ఆపి, కళ్ళు తుడుచుకుని, "అరిస్తే నొప్పి సగం పోతది. మా దొర అరవడు. అందుకే ఆయన నొప్పి అట్లనే ఉంటది," అంది. బ్రిటిషువాళ్ళ గురించి ఆమె చెప్పగా నేను విన్న మొదటి మాట అది. ఆ తర్వాత చాలా విన్నాను.

ఆమె పుట్టింది స్పెయిన్‌లో, ఇనుపరాయి తవ్వే కొండల మధ్య. పెళ్ళయ్యాక భర్తతో బ్రిటన్ వెళ్ళింది. అక్కడ ఒక బొగ్గుగనుల ఊళ్ళో ఆయన కొలిమి పని చేస్తే, ఈమె పని కోసం వచ్చిన తన దేశస్థులకు గదులు అద్దెకిచ్చి వండిపెట్టేది. భర్త ఊపిరితిత్తుల జబ్బుతో పోయాడు. తర్వాత గనులు మూతపడ్డాయి. గదులు ఖాళీ అయ్యాయి. గనులకు కలప అమ్మే కంపెనీలో పనిచేస్తున్న పార్కిన్ హిందూదేశానికి బయలుదేరుతూ ఇంటిపనికి మనిషి కావాలంటే వచ్చేసింది. ఇదంతా ఆమె ఒకేసారి చెప్పలేదు. కట్టు మార్చుకోవడానికి వచ్చినప్పుడల్లా కొంత చెప్పేది. చెయ్యి మానిపోయాక కూడా రావడం మానలేదు. సీతను "చెల్లె" అని పిలిచేది. మా పెరట్లో పీట వేసుకుని చుట్ట కాల్చేది. మా కోళ్ళను తన భాషలో తిట్టేది. నిజం చెప్పాలంటే ఆమె అంత నెమ్మదైన మనిషేం కాదు. మెచ్చుకోవడమంటే ఆమెకు తెలియదు. సీత వంట తిని ఆమె అన్న మంచిమాట నాకు ఒక్కటీ గుర్తులేదు. గిన్నె మాత్రం ఖాళీ చేసేది.

ఒకరోజు వసారాలో ఆమె ఆ బొగ్గు ఊరి సంగతి చెప్పింది. పని పోయిన మగవాళ్ళు పొద్దున్నే గడ్డం గీసుకుని, మెడకు రుమాలు చుట్టుకుని, వెళ్ళడానికి చోటు లేకపోయినా ఇంట్లోంచి బయటపడేవారట. వీధి మలుపులో గోడవారన వరసగా గొంతుకూర్చునేవారట. గనిలో కప్పు తక్కువ ఎత్తులో ఉంటుంది గనక అలా కూర్చోవడం వాళ్ళకు అలవాటు.

ముత్తయ్య నమ్మలేదు. "దొరలు మా లెక్కనే గొంతుకూసుంటరా?"

"దొరలు కాదు. కూలోళ్ళు. తెల్ల కూలోళ్ళు."

"తెల్లోళ్ళల్ల కూలోళ్ళుంటరా? వాళ్ళకు ఆకలేంది?"

"ఆకలే. పిల్లలకు గూడ."

ముత్తయ్య వదల్లేదు. "పని లేకపోతే అడివికి పోరాదు? దుంపలు తవ్వుకోరాదు?"

"అడివి లేదు. ఉన్నదానికి కంచె. అది ఎవరో దొరది."

"ఆడ గూడ మన దొరేనా?" అన్నాడు ముత్తయ్య. ఎవరూ నవ్వలేదు. హాస్యానికి అనలేదతను. నిజంగానే అడిగాడు. అంతవరకూ నేను దొరలంటే ఒకే జాతి, ఒకే కులం అనుకునేవాణ్ణి. వాళ్ళలో కంచెకు లోపలివాళ్ళూ బయటివాళ్ళూ ఉంటారన్న సంగతి ఆ వసారాలో, ఒక పరాయి ఆడదాని మాటల్లో, ఒక దోర్ల మనిషి ప్రశ్నలో నాకు తెలిసింది.

బొగ్గు ఊరి గనులు మూయించిన ఆ మాంద్యం మా ఊరికీ వచ్చింది. పేరు మాకు తెలియదు. ఆ ఏడు వానలు బాగానే పడ్డాయి, శబరి నిండుగా పారింది, తెప్పలు మాత్రం కదలలేదు. కొనేవాళ్ళు లేరన్నారు. ఒడ్డున పేర్చిన దుంగలు వానకు నాని ఎండకు బూడిదరంగు తిరిగాయి. బండ్లవాళ్ళు ఎద్దులను తోలుకుని ఎర్రబోరు వైపు ఊళ్ళకు వెళ్ళిపోయారు. చెట్లు కొట్టేవాళ్ళు తమ చేలకూ అడవికీ తిరిగిపోయారు. వాళ్ళకది కొత్త కష్టమేమీ కాదు, పాత కష్టమే. బంగళాకే అది కొత్త. దొర భార్య పిల్లల చదువుల పేరుతో అంతకుముందే సీమకు వెళ్ళిపోయింది. వంటవాడు వెళ్ళాడు, తోటమాలి వెళ్ళాడు, గుర్రం కూడా ఎవరి చేతికో వెళ్ళింది. ఎవరు వెళ్ళినా పార్కిన్ దొర ఒక కారణం చెప్పేవాడు. వంటవాడి తల్లికి బాగాలేదట, తోటమాలికి ఊళ్ళో పొలం పనులున్నాయట. అసలు కారణం ఊరందరికీ తెలుసు. తెలుసని ఆయనకూ తెలిసే ఉంటుంది.

"సాయంత్రం కోటు వేసుకుంటడు," అని పిలారమ్మ మాకు చెప్పింది. "బూట్లు తనే తుడుచుకుంటడు. తెల్లగుడ్డ పరిచిన బల్ల ముందర కూసుంటడు. గంట కొడతడు. గంట కొడితే వచ్చేది నేనొక్కదాన్నే. ఉడకబెట్టిన గుమ్మడికాయ తెస్తా. ఫోర్కుతో తిని, బాగుంది అంటడు. మర్నాడు మళ్ళా గుమ్మడికాయ." ఒకసారి వాడిన తేయాకును ఆమె చాటలో పోసి ఎండబెట్టడం నేను కళ్ళారా చూశాను. కోటు చేతుల అంచులు చిరిగితే లోపలివైపు బయటికి తిప్పి కుట్టింది. ఇవన్నీ ఆమె ఎగతాళిగా చెప్పేది కాదు, జాలిగానూ కాదు. నదిలో నీళ్ళు ఎంతవరకు వచ్చాయో చెప్పినట్టు చెప్పేది.

"వీళ్ళకు కష్టమొస్తే తలుపేసుకుంటరు," అంది ఒకరోజు. "మా వాళ్ళకు కష్టమొస్తే తలుపు తీసి వీధంతా వినేటట్టు అరుస్తరు. రెంటిట్ల ఏది మంచిదో నాకు తెల్వదు. అరిసినా ఎవరూ రాకపోతే అదింకా కష్టం."

"మరి మా సంగతి?" అని సీత అడిగింది.

"మీరు కష్టం చెప్పుకుంటరు. చెప్పుకుంట ఎదుటోళ్ళ మొహం చూస్తరు, ఎంత బాధపడ్డరో అని." సీతకు కోపం వచ్చింది. రెండు రోజులు ఆమెతో మాట్లాడలేదు. తర్వాత నాతో, "నిజమే అనుకోండి," అంది.

ఇప్పపూలు రాలే రోజుల్లో పిలారమ్మ నన్ను బంగళాకు పిలిచింది. పార్కిన్ దొరకు చలిజ్వరం. నేను వెళ్ళేసరికి ఆయన మంచం మీద కోటు వేసుకుని కూర్చుని ఉన్నాడు. ఎలా ఉందని అడిగితే, "పర్వాలేదు. ఈసారి ఎండలు త్వరగా వచ్చాయి," అన్నాడు ఇంగ్లీషులో. పళ్ళు టకటక కొట్టుకుంటున్నాయి. బయటికి వచ్చాక పిలారమ్మ, "ఇంగ్లీషువాడు పర్వాలేదు అంటే దుప్పటి సిద్ధం చెయ్యి. మా వాడు చచ్చిపోతున్న అంటే చుట్ట అయిపోయేదాకా ఆగు," అంది. క్వినైను ఇచ్చాను. జ్వరం తగ్గింది. మనిషి మాత్రం లేవలేదు. బుగ్గలు లోపలికి పోయాయి, నిలబడితే గోడ పట్టుకునేవాడు. కంపెనీ నుంచి రావలసిన సరుకులు ఆగిపోయి చాలాకాలమైందని, పిలారమ్మ తన డబ్బుతో సంతలో తెచ్చి వండితే "నువ్వు తిను, నాకు ఆకలి లేదు" అంటున్నాడని అప్పుడు తెలిసింది. పనిమనిషి కూడు తాను తినడమేమిటన్నది ఆయన పట్టుదల. నోటితో అనలేదు గాని గిన్నె ముట్టుకోలేదు.

"మా ఇంటి నుంచి అన్నం పంపిస్తాను పిలారమ్మగారూ," అన్నాను.

"వద్దు. తినడు. పైగా రేపటి నుంచి నీకు మొహం చూపించడు. అన్నం పెట్టకు. పని అడుగు."

నాకు అర్థం కాలేదు. ఆమె మెట్టు మీద కూర్చుని చెప్పింది. బొగ్గు ఊళ్ళో ఆడవాళ్ళు ప్రతి ఉదయం మోకాళ్ళ మీద కూర్చుని గుమ్మం మెట్టును రాయితో తెల్లగా రుద్దేవారట. పొయ్యి వెలగని ఇంటి మెట్టయితే ఇంకాస్త తెల్లగా ఉండేదట. మెట్టు చూసి వెళ్ళిపోతే సరి, లోపలి సంగతి ఎవరూ అడగరు. పక్కింట్లో పిల్లలు ఏడుస్తున్నారని ఈమె ఒకనాడు గిన్నెడు వెల్లుల్లి చారు పట్టుకెళ్ళిందట. పక్కింటామె నవ్వుతూ, "ఇప్పుడే భోంచేశాం," అని తలుపు వేసుకుందట. ఈమె మండిపడి చారు వీధిలో పారబోసిందట. మర్నాడు ఆ పక్కింటామే వచ్చి, "నీకు మోకాళ్ళ నొప్పి కదా, నీ మెట్టు కూడా నేను రుద్దుతాను," అందట. "నాకు మోకాళ్ళ నొప్పి లేదు, కంపోండరూ. ఉందన్న. ఆ రోజునుంచి ఆమె మెట్టు రుద్దింది, పిల్లలు మా ఇంట్ల తిన్నరు. ఆమె ముందుగాల ఏదో ఇయ్యాలె. అది నాకు అప్పుడే తెల్సింది."

దవాఖానాలో మందుల అలమారాను చెదలు తినేసిన మాట నిజమే. రోగులు కూర్చోవడానికి బల్ల లేని మాటా నిజమే. పార్కిన్ వడ్రంగి కొడుకని పిలారమ్మకు తెలుసు. నేను వెళ్ళి, ఆ రెండూ చేసిపెట్టగలరా అని దొరను అడిగాను. ఆయన కిటికీలోంచి బూడిదరంగు దుంగల వైపు చాలాసేపు చూశాడు. "చెక్కను చూడాలి. రేపు వస్తాను," అన్నాడు. మర్నాడు టోపీ పెట్టుకుని, మెరిసే బూట్లతో, తన రంపం తానే మోసుకుంటూ వచ్చాడు. అక్కడక్కడా ఆగి, అడవిని చూస్తున్నట్టు నిలబడి, ఊపిరి పీల్చుకుంటూ వచ్చాడు.

ఒడ్డు నుంచి దుంగ లాగడానికి ఎద్దులు కావాలి. ముత్తయ్యను అడిగితే మొహం తిప్పుకున్నాడు. అంతకుముందు ఏడాది ఇంటికి వాసాలు కొట్టుకున్నందుకు కంపెనీ మనుషులు అతన్ని పట్టుకెళ్ళి, పొద్దున్నుంచి పొద్దుగూకేదాకా బంగళా ముందు ఎండలో నిలబెట్టారు. పార్కిన్ దొర వరండాలో కూర్చుని కాగితాలు చూసుకున్నాడే గాని, వదిలేయమనలేదు.

"గా దొర కోసం నేను దుంగ గుంజాల్నా?" అన్నాడు ముత్తయ్య.

పిలారమ్మ దొర తరఫున ఒక్క ముక్క మాట్లాడలేదు. "ఆయన చేసింది చేసిందే. నేను కాదన్నా? కోపం ఉంచుకో. దుంగ దవాఖానాకు తీస్కరా."

అతను తెచ్చాడు. పార్కిన్ వైపు చూడలేదు. పార్కిన్ దుంగను చేత్తో తడిమి, వాసన చూసి, సుద్దతో గీత గీశాడు. మధ్యాహ్నానికి పిలారమ్మ మా పెరట్లో పొయ్యి పెట్టి, ఇప్పనూనెలో వెల్లుల్లి, ఎండుమిరప వేయించి, నీళ్ళు పోసి, ఎండిన జొన్నరొట్టె ముక్కలు వేసి చారు కాచింది. అడ్డాకు దొప్పల్లో అందరికీ పోసింది. ఆఖరున ఒక దొప్ప పార్కిన్ ముందు పెట్టి, "ఇక్కడి పద్ధతి. పని దగ్గర అందరికీ తిండి," అని ఇంగ్లీషులో చెప్పి, ఆయన జవాబు వినకుండా వెనక్కి తిరిగింది. దొర ఆ దొప్పను చూశాడు, మమ్మల్ని చూశాడు. మేమంతా తింటున్నాం. టోపీ తీసి పక్కన పెట్టి, సగం చెక్కిన బల్ల అంచు మీద కూర్చున్నాడు. మొదట మెల్లగా తాగాడు, తర్వాత గబగబా తాగాడు. పిలారమ్మ మళ్ళీ పోసింది. మేమెవరమూ ఆయన వైపు నేరుగా చూడలేదు, ముత్తయ్య తప్ప. అతను మాత్రం రెప్ప వెయ్యకుండా చూశాడు.

సాయంత్రం ఎద్దులను విప్పుతూ నాతో అన్నాడు: "ఆయన తింటుంటే చూసిన అయ్యా. కోపం రాలే. ఎందుకు రాలే అని కోపమొచ్చింది."

బల్ల తర్వాత అలమారా, అలమారా తర్వాత రోగులను మోసే మంచం. పని అయిపోవస్తుంటే పిలారమ్మ ఇంకొకటి పుట్టించేది. దొర మొహం తేరుకుంది. ముత్తయ్యకూ ఆయనకూ స్నేహమేమీ కుదరలేదు. అది కుదిరే సంగతి కాదు. ఒకరోజు మాత్రం పార్కిన్ చిత్రిక పడుతున్న చెయ్యి ఆపి, తల ఎత్తకుండానే, "ఇతనికి ఇంటి వాసాలు మళ్ళీ దొరికాయా, అడగండి," అన్నాడు నాతో.

అడిగాను.

"దొరికినయ్," అన్నాడు ముత్తయ్య. "మళ్ళా కొట్టిన. ఆ అడివిలనే."

నేను మొదటి మాటే ఇంగ్లీషులో చెప్పాను. పార్కిన్ రెండో మాట కూడా అర్థమైనవాడిలా తల ఊపి, "మంచిది," అని మళ్ళీ చిత్రిక అందుకున్నాడు.

వానలకు ముందు కంపెనీ ఆయన్ను వెనక్కి రమ్మంది. పడవ ఎక్కే రోజున అంచులు తిప్పి కుట్టిన కోటు వేసుకుని దవాఖానాకు వచ్చాడు. నా చెయ్యి పట్టుకుని ఊపి, "వానాకాలం అలమారా తలుపు ఉబ్బుతుంది. కింద కొంచెం చిత్రిక పట్టించండి," అన్నాడు. అంతే, వెళ్ళిపోయాడు. అన్నాళ్ళు కలిసి తిన్న తిండి గురించి ఒక్క మాట లేదు. నాకు కష్టమనిపించి పిలారమ్మతో అన్నాను.

"తలుపు గురించి చెప్పిండు గద," అంది ఆమె. "రెండు నెలల తర్వాత నీ గదిల తలుపు పట్టదేమో అని ఆలోచించిండు. ఇంగ్లీషువాడి దగ్గర అంతకన్న పెద్ద మాట లేదు. తీసుకో."

ఆమె ఆయనతో వెళ్ళలేదు. బంగళా మూతపడ్డాక దవాఖానా వెనక గదిలో ఉంటూ, బాలింతలకు జావ కాస్తూ, నాకు చేదోడుగా ఉండేది. కొన్నాళ్ళకు స్పెయిన్‌లో యుద్ధం మొదలైందన్న కబురు జగదల్పూరు నుంచి వచ్చిన ఒక పాత పేపరులో చూసి చెప్పాను. ఆమెకు అక్కడ తమ్ముళ్ళు ఉన్నారు. ఆ రోజు ఆమె అరవలేదు. మా కోళ్ళను తిట్టలేదు. గదిలోకి వెళ్ళి తలుపు వేసుకుంది. సీత వెళ్ళి తలుపు తట్టలేదు. చాటలో చింతపండు పోసుకుని ఆ గుమ్మం ముందు కూర్చుని, "అక్కా, గింజలు తియ్యడం నా ఒక్కదానివల్ల కావడంలేదు," అని కేక వేసింది. కాసేపటికి తలుపు తెరుచుకుంది. ఇద్దరూ సాయంత్రం దాకా గింజలు తీశారు. ఆ వారంలోనే ఆమె లారీ ఎక్కి తోంగ్‌పాల్ మీదుగా జగదల్పూరు వెళ్ళింది. అక్కడి నుంచి ఎక్కడికి చేరిందో, చేరిందో లేదో కూడా, నాకు తెలియదు.

సంస్థానం పోయి, దేశంలో కలిసిపోయింది. దవాఖానా మీద బోర్డు మారింది. నేను ఉద్యోగం దిగిపోయేదాకా అక్కడే చేశాను. దొరలు మంచివాళ్ళా చెడ్డవాళ్ళా అని ఎవరైనా అడిగితే నేను జవాబు చెప్పను. ఎవరి చేతిలో అడవి ఉందో, ఎవరిని ఎండలో నిలబెట్టారో నాకు తెలుసు. ఆకలితో ఉన్నవాడు దొప్ప ముందు ఎంతసేపు ఆగుతాడో కూడా చూశాను. ఈ రెంటిలో ఒకదాని కోసం మరోదాన్ని మరిచిపోకుండా ఉండటం పిలారమ్మ దగ్గర నేర్చుకున్నాను. ఆమె నేర్పుతున్నానని ఎప్పుడూ అనుకోలేదు.

కరువు వచ్చిన ఒక ఏడు, తర్లగూడ వైపు నుంచి ఒక తెలుగు రైతు వచ్చాడు. మాసినా ఉతికిన పంచె, భుజం మీద మడత నలగని కండువా. కడుపులో నొప్పి అన్నాడు. నాలుక చూశాను, పొట్ట నొక్కి చూశాను. మందు ఇవ్వవలసిన జబ్బేమీ లేదు. నిన్న ఏం తిన్నావని అడగలేదు.

"పెద్దాయనా, మందు కలపాలి, కాస్త ఆలస్యమవుతుంది," అన్నాను. "ఈలోగా ఒక సాయం చెయ్యాలి. పెరట్లో నిమ్మచెట్టుకు పాదు చెయ్యాలి. నా నడుము వంగడం లేదు."

ఆ రోజుల్లో నా నడుము బాగానే వంగేది. ఆయన నన్ను కాసేపు చూశాడు. నేను నిమ్మచెట్టును చూస్తూ ఉండిపోయాను. కండువా తీసి గోడ మీద పెట్టి, పార అందుకున్నాడు. పాదు గుండ్రంగా, గట్టు చెదరకుండా, పద్ధతిగా చేశాడు. సీత రెండు విస్తళ్ళు వేసి, "ఇద్దరూ లేవండి, అన్నం చల్లారిపోతుంది," అంది. ఆయన చేతులు కడుక్కుని నా పక్కన కూర్చున్నాడు. ఇద్దరం తిన్నాం. తిని లేచాక చెట్టు వైపు చూస్తూ, "మట్టి ఎండిపోయున్నది. రేపు గూడ నీళ్ళు పొయ్యాలె," అన్నాడు.

"పొయ్యాలి," అన్నాను.